మ్యూజియంలో చూసినలాంటి పాత కంప్యూటరు మా అటక మీద ఉంది, ఏం చేయమంటారు?

సీతమ్మధార_సుజాత
ఈ ఎండాకాలం మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు కాలిఫోర్నియా మౌంటెన్ వ్యూలో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం చూశాను. గంటలో చూసేసి వచ్చేద్దామని వెళ్లినవాళ్లం, తలుపులు మూసే వేళ దాకా అక్కడే ఉండిపోయాం. లోపల 'రివల్యూషన్' అని పెద్ద ప్రదర్శన ఉంది. పూసల చట్రం దగ్గర మొదలై స్లైడ్ రూలు, చిల్లులు కొట్టి సమాచారం దాచే పంచ్ కార్డులు, క్రే-1 సూపర్ కంప్యూటర్... అలా నడుచుకుంటూ పోవడమే. 1956 నాటి ఐబీఎం ర్యామాక్ డిస్కు దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. రెండడుగుల పళ్లేలు, యాభై, ఒకదాని మీద ఒకటి. అన్నీ కలిపి పట్టేది యాభై లక్షల అక్షరాలు, అంటే ఐదు మెగాబైట్ల లోపే. ఇప్పుడు ఫోన్లో తీసే ఒక్క ఫోటో అంత ఉంటుంది.

అన్నిటికన్నా నచ్చింది ఐబీఎం 1401 గది. 1959లో వచ్చిన మిషను, ఇప్పటికీ నడుపుతున్నారు. నడిపేది రిటైరైన ఇంజినీర్లు, వాలంటీర్లుగా వస్తారు. నన్ను కార్డులు పంచ్ చేసే యంత్రం ముందు కూర్చోబెట్టి నా పేరు కొట్టించారు. ఆ కార్డు మిషన్‌లోకి వెళ్లింది, అవతల ప్రింటర్ దడదడమని నా పేరు అచ్చు వేసి ఇచ్చింది. గదిలో ఉన్న పిల్లలందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికి వచ్చాక అసలు బాధ మొదలైంది. మా నాన్నగారు డాబాగార్డెన్స్‌లో ఆడిటింగ్ ఆఫీసు నడిపేవారు. ఆయన వాడిన 386 (పాత ఇంటెల్ చిప్ రకం) కంప్యూటరు, రంగు తెలియని పాత మానిటరు, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు, ఒక పెట్టెడు ఫ్లాపీలు మా అటక మీద ఉన్నాయి. ఇప్పుడు ఇంటికి రంగులు వేయిస్తున్నాం. పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామంటారు మావారు. నాకు మనసు ఒప్పడం లేదు.

బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ ఉంది, ఎదురుగా టీయూ-142 విమానం ఉంది. పిల్లలు లోపలికెక్కి చూసి సంబరపడతారు. ఇంతమంది కంప్యూటర్ల మీద బతుకుతున్న ఊళ్లో ఒక పాత కంప్యూటరు నడుస్తుండగా చూపించే చోటు నాకైతే కనబడలేదు. ఎందుకని? ఇంకో మాట, దీనికి ప్లగ్గు పెట్టి చూడొచ్చా?

డాబా_రిపేర్
పెట్టకండి! ముందు క్యాబినెట్ మూత తీయండి. 386, 486 బోర్డుల మీద కీబోర్డు సాకెట్ దగ్గర చిన్న పీపా ఆకారంలో ఒక బ్యాటరీ ఉంటుంది, ఎక్కువగా నీలం రంగుది. దాని చుట్టూ ఆకుపచ్చగానో తెల్లగానో పేరుకుని ఉందేమో చూసి ఫోటో పెట్టండి. ఆ తర్వాతే మిగతా మాట.

పూర్ణామార్కెట్_పాపారావు
పాత సామాన్లవాడికి మాత్రం ఇవ్వకండి మేడమ్. వాళ్లకది కిలోల లెక్కన ఇనుము.

లాసన్స్‌బే_కిరణ్
నా మాట కొంచెం కటువుగా ఉండొచ్చు. ఫ్లాపీల్లో ఉన్నది కాపీ చేసుకుని మిషన్ వదిలేయండి. డాస్‌బాక్స్, 86బాక్స్ లాంటి ఎమ్యులేటర్లు (పాత కంప్యూటరులా నటించే ప్రోగ్రాములు) ఉచితంగా దొరుకుతాయి. వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్ లాంటి అప్పటి ప్రోగ్రాములన్నీ ల్యాప్‌టాప్ మీదే నడుస్తాయి. ఇనుప పెట్టెకు విలువ లేదు, దానిలో నడిచిన సాఫ్ట్‌వేర్‌కే విలువ. విశాఖలో అపార్ట్‌మెంట్ అడుగు ఎంత పలుకుతోందో మీకు తెలియంది కాదు.

ఉక్కునగరం_పెద్దాయన
కిరణ్ బాబూ, నువ్వు ఆ చప్పుడు ఎప్పుడూ విన్నట్టు లేదు.

మేము ఉద్యోగాల్లో చేరిన రోజుల్లో ప్రోగ్రామంటే కార్డుల కట్ట. ఒక్కో కార్డుకి ఎనభై నిలువు వరసలు. ఫోర్ట్రాన్‌లో డెబ్బై మూడు నుంచి ఎనభై దాకా ఉన్న వరసల్ని కంపైలర్ (ప్రోగ్రామును మిషన్ భాషలోకి మార్చేది) పట్టించుకోదు, అక్కడ వరస నంబర్లు కొట్టుకునేవాళ్లం. కట్ట చేయి జారి కింద పడితే మళ్లీ పేర్చుకోవడానికి అదే ఆధారం. నంబర్లు కొట్టే ఓపిక లేనివాడు కట్ట పక్కన ఏటవాలుగా స్కెచ్ పెన్నుతో గీత గీసేవాడు. గీత అతకలేదంటే కార్డు చోటు మారినట్టు లెక్క.

సుజాతమ్మ చెప్పిన 1401తో పాటు వచ్చే 1403 ప్రింటరు నిమిషానికి ఆరు వందల లైన్లు కొట్టేది. అక్షరాల గొలుసు గిర్రున తిరుగుతుంటే సుత్తులు వెనక నుంచి కాగితాన్ని కొట్టేవి. ఆ గది బయట నిలబడి వింటే చాలు, జీతాల పట్టీ అవుతోందా, స్టోర్స్ రిపోర్టు అవుతోందా చెప్పేసేవాళ్లం. ఇది ల్యాప్‌టాప్ స్పీకర్లో రాదు నాయనా.

లాసన్స్‌బే_కిరణ్
పెద్దాయన గారూ, మీ జ్ఞాపకం మీద నాకు చాలా గౌరవం ఉంది. కానీ చప్పుడు కోసం మిషన్ ఉంచుకోవాలంటే రికార్డ్ చేసుకుంటే సరిపోతుంది కదా. నడిపేకొద్దీ అరిగిపోతుంది కూడా. మ్యూజియాల్లో చాలావాటిని అద్దం వెనక పెట్టేది అందుకే.

పెదవాల్తేరు_రాధ
మా స్కూల్లో బీబీసీ మైక్రో అనే బ్రిటిష్ కంప్యూటర్లు ఉండేవి. 1984లో కేంద్రం మొదలుపెట్టిన క్లాస్ అనే పథకం కింద దేశంలో చాలా స్కూళ్లకి వచ్చాయి. చెప్పులు బయట విప్పి, కాళ్లు తుడుచుకుని ఏసీ గదిలోకి వెళ్లాలి. ఊరంతా ఉక్కపోత, ఆ గది ఒక్కటే చల్లన. కంప్యూటర్ పీరియడ్ అంటే మాకు అదే మొదటి ఆకర్షణ 😄

మోడల్ బీలో 32 కిలోబైట్ల మెమరీ, రెండు మెగాహెర్ట్జ్ 6502 చిప్. ఆన్ చేయగానే బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష సిద్ధంగా ఉండేది. వరస నంబరు వేసి రెండు లైన్లు కొడితే తెర నిండా నా పేరు పరిగెత్తింది. నేను చెప్తే మిషన్ వింటుందని ఆ పూటే తెలిసింది. ఇప్పుడు మా అమ్మాయి ఫోన్ ఆన్ చేస్తే ముందు కనబడేది పాతిక యాప్‌లు. తన మాట వినే చోటు దానిలో ఎక్కడుందో వెతుక్కోవాలి.

డాబా_రిపేర్
రాధ గారు చెప్పిన బీబీసీ ఎవరి దగ్గరైనా ఉంటే ఒక హెచ్చరిక. దాని పవర్ సప్లైలో మెయిన్స్ వైపు పసుపు పచ్చటి పారదర్శకపు తొడుగులో కాగితపు కెపాసిటర్లు ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ తొడుగు పగిలి లోపలికి తేమ చేరుతుంది. ప్లగ్గు పెట్టిన కాసేపటికి టపీమని పేలి గదంతా పొగ. మార్చకుండా ఆన్ చేయకండి. మార్చడం చవకే.

సముద్రపుగాలి
విశాఖలో పాత మిషన్లకు అసలు శత్రువు మన గాలే. మా ఇల్లు బీచ్‌కి దగ్గర. ఉప్పు, తేమ కలిసి రాగి తీగల మీద చిలుము పట్టిస్తాయి. స్లాట్లలో కార్డులు, మెమరీ స్టిక్కులు, కేబుల్ కొసలు, ఏదీ వదలదు. సగం మిషన్లలో 'పాడైంది' అనేది నిజానికి ఆ చిలుమే. కార్డు బయటికి తీసి బంగారు పూత ఉన్న అంచుని మెత్తటి పెన్సిల్ రబ్బరుతో తుడిచి, ఆ పొడి పోయేలా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి మళ్లీ గుచ్చండి. చాలాసార్లు లేచి కూర్చుంటుంది.

అటక మీద మాత్రం ఉంచకండి. పగలు కాలిపోతుంది, రాత్రి చెమ్మ పడుతుంది. పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టి, గింజలు రంగు మారినప్పుడు తీసి వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వేయండి. హుద్‌హుద్ అప్పుడు కిటికీ అద్దాలు పగిలి వాన లోపలికి కొట్టింది. మా ఇంట్లో టేబుల్ మీదున్నవి పోయాయి, డబ్బాల్లో ఉన్నవి మిగిలాయి.

సీతమ్మధార_సుజాత
మూత తీశాం. డాబా రిపేర్ గారు చెప్పినట్టే నీలం పీపా ఉంది. దాని చుట్టూ ఆకుపచ్చ బూజులా ఉంది, పక్కన రెండు సన్న గీతలు నల్లబడ్డాయి. ఫోటో పెడుతున్నాను. పనైపోయినట్టేనా?

డాబా_రిపేర్
కాలేదు, ఇంకా చిప్‌ల దాకా పాకలేదు. అది నికెల్ కాడ్మియం బ్యాటరీ. కారింది క్షారం. అందుకని ముందు బ్యాటరీని కట్టర్‌తో తీసేయండి, చేతికి గ్లవుజులు ఉండాలి. పాత టూత్ బ్రష్‌తో తెల్ల వెనిగర్ కొద్దికొద్దిగా రాయండి, బుసబుసమని పొంగినా కంగారు పడొద్దు. పొంగు ఆగాక డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఐసోప్రొపైల్‌తో తుడిచి, ఫ్యాన్ కింద బాగా ఆరనివ్వండి. నల్లబడిన గీతలకు మల్టీమీటర్ పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకి కరెంటు పారుతోందో లేదో చూడాలి. తెగితే సన్న తీగ అతికిస్తే సరి.

తీసిన బ్యాటరీ చెత్తబుట్టలో వేయకండి, కాడ్మియం విషం. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి.

మానిటర్ మూత మాత్రం ఎట్టి పరిస్థితుల్లో తీయొద్దు. పిక్చర్ ట్యూబులో వేల వోల్టులు ఉంటాయి, ప్లగ్గు తీసేశాక కూడా నిలిచి ఉండొచ్చు. అది తెలిసినవాళ్ల పని.

గాజువాక_గుంటడు
నిమ్మకాయ పనిచేయదా అన్నా? వెనిగర్ మా ఇంట్లో లేదు, నిమ్మకాయలు బుట్టెడు ఉన్నాయి.

డాబా_రిపేర్
పనిచేస్తుంది తమ్ముడూ, అదీ ఆమ్లమే. తర్వాత నీళ్లతో బాగా కడుగు, లేకపోతే జిగురు ఉండిపోయి చీమలు పడతాయి.

తీగలపెట్టె
సుజాత గారి అసలు ప్రశ్న పక్కకు పోయింది. చూపించే చోటు ఎందుకు లేదు అన్నారు. చరిత్ర మనకు తక్కువేమీ కాదు. కలకత్తా ఐఎస్‌ఐకి (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) 1955లోనే బ్రిటన్ నుంచి కంప్యూటరు, హెచ్‌ఈసీ-2ఎం వచ్చింది. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో మనవాళ్లే కట్టిన టిఫ్రాక్ అనే కంప్యూటరు 1960లో పనిలోకి దిగింది. 1963లో కాన్పూర్ ఐఐటీకి ఐబీఎం 1620 వచ్చింది. మన హైదరాబాద్‌లో 1967లో మొదలైన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వాళ్లు టీడీసీ-12, తర్వాత 312, 316 అని వరసగా సొంత కంప్యూటర్లు చేశారు. 1978లో ఐబీఎం దేశం వదిలి వెళ్లిపోయినప్పుడు ఇక్కడున్న మిషన్లను బాగుచేసుకుంటూ నడిపింది కూడా మన ఇంజినీర్లే.

ఇన్ని చేసిన దేశంలో టీడీసీ మిషన్ నడుస్తుండగా చూశానని చెప్పే కుర్రాడు నాకింతవరకు తగల్లేదు. కొత్తది రాగానే పాతది కండెమ్ చేసి, వేలం వేసి, స్టోర్ రూమ్ ఖాళీ చేయడం మన ఆఫీసుల పద్ధతి. మ్యూజియం అంటే మన దృష్టిలో రాతి విగ్రహాలు, రాజుల కత్తులు. జీతాల పట్టీ వేసిన పెట్టె కూడా చరిత్రేనని ఎవరూ అనుకోలేదు.

లండన్‌లో_లంకెలపాలెం
ఇక్కడ ఇంగ్లండ్‌లోని బ్లెచ్లీ పార్క్‌లో ఉన్న నేషనల్ మ్యూజియం ఆఫ్ కంప్యూటింగ్‌కి వెళ్లాను. 1951 నాటి హార్వెల్ డెకట్రాన్ అనే మిషన్‌ని బాగుచేసి 2012లో మళ్లీ నడిపించారు. ఎంత నిదానమంటే, అంకెలు మారుతుంటే గాజు గొట్టాల్లో వెలుగు చుక్క ఒక్కో గడి జరగడం కంటితో చూడొచ్చు. కూడిక అంటే ఏమిటో మా పాపకి అక్కడ అర్థమైంది. కిరణ్ గారూ, అది అద్దం వెనక ఆపేసి ఉంటే పాప రెండు నిమిషాలు కూడా నిలబడేది కాదు.

విజయనగరం_వాసు
సుజాత గారూ, మౌంటెన్ వ్యూలో బాబేజ్ ఇంజిన్ (పిడి తిప్పితే లెక్కలు చేసే యంత్రం) చూశారా? చాలా గొప్పగా ఉంటుందని విన్నాను.

సీతమ్మధార_సుజాత
లేదండీ, నాకు కనబడలేదు.

తీగలపెట్టె
ఇప్పుడు అక్కడ లేదు. 2008 నుంచి 2016 దాకా ఉండేది. అది ఒక సొంతదారు తన కోసం చేయించుకుని మ్యూజియానికి అరువిచ్చింది. ఒకటి మాత్రం లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది. ఆ కథ కిరణ్ చదవాలి. బాబేజ్ 1840ల చివర్లో డిఫరెన్స్ ఇంజిన్ నంబర్ 2 బొమ్మలు గీశాడు, బతికుండగా కట్టలేకపోయాడు. ఆ బొమ్మలు నిజంగా పనిచేస్తాయా అని దాదాపు నూట యాభై ఏళ్లు వాదించుకున్నారు. 1991లో లోహంతో కట్టి పిడి తిప్పితే లెక్క సరిగ్గా వచ్చింది. ప్రింటరు భాగం 2002లో పూర్తయింది. మొత్తం ఎనిమిది వేల భాగాలు, ఐదు టన్నులు. తిప్పి చూశాకే వాదన తేలింది.

లాసన్స్‌బే_కిరణ్
బాగుంది. కానీ అది ప్రపంచంలో ఎక్కడా లేనిది. 386లు లక్షల్లో అమ్ముడుపోయాయి. సుజాత గారి నాన్నగారి 386కి ప్రత్యేకత ఏమిటి? ఎమ్యులేటర్ చేయలేనిది అది ఏం చేస్తుంది?

పూర్ణామార్కెట్_పాపారావు
దీనికి నేను చెప్తాను. మా నాన్నది ప్రింటింగ్ ప్రెస్. శుభలేఖలు, కరపత్రాలు, చిన్న చిన్న కవితల పుస్తకాలు, పంచాంగాలు వేసేవాడు. సీసం అక్షరాల నుంచి డీటీపీకి (కంప్యూటర్ మీద పేజీలు కూర్చడానికి) మారిన కొత్తలో పెట్టిన కంప్యూటరు ఇంకా మా దగ్గరుంది. యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకూ ఒకే లెక్క) తెలుగు 1991లోనే చేరినా మన ప్రెస్సుల్లోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. అప్పటిదాకా ఒక్కో కంపెనీది ఒక్కో ఫాంటు, ఒక్కో లెక్క. 'క' అని మనం చూసేది ఫైల్లో ఏ ఇంగ్లీషు అక్షరంగానో ఉంటుంది. ఆ ఫాంటు లేకపోతే కవిత్వమంతా పిచ్చి గీతలే.

సరే, ఫాంటు సంపాదించాం అనుకోండి. ఆ డీటీపీ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవాలంటే కంప్యూటర్ వెనక ప్రింటర్ పోర్టుకి ఒక తాళం బిళ్ల గుచ్చాలి. డాంగిల్ అనేవాళ్లం. అది లేకపోతే ప్రోగ్రామ్ మొదలే కాదు. ల్యాప్‌టాప్‌కి ఆ పోర్టు లేదు. నేను ఎమ్యులేటర్‌లో ఎక్కించి చూశాను, 'తాళం దొరకలేదు' అని ఆగిపోయింది. మా పాత మిషన్‌లో అదే బిళ్ల పెడితే నిక్షేపంగా తెరుచుకుంది. ఈ జిల్లాలో సొంత డబ్బుతో పుస్తకం వేసుకున్న ఎందరో మాస్టార్ల రాతలు ఆ డిస్కులో ఉన్నాయి. కొందరి ఇళ్లల్లో అచ్చు ప్రతులు కూడా లేవు. నాకు ఆ పెట్టె ఇనుము కాదు కిరణ్ గారూ.

పెదవాల్తేరు_రాధ
పాపారావు గారూ, ఈ పోస్టు నాలుగుసార్లు చదివాను.

ఉక్కునగరం_పెద్దాయన
పాపారావు చెప్పింది పీసీ డీటీపీ సంగతి. అంతకుముందు జిస్ట్ కార్డు ఉండేది. ఐఐటీ కాన్పూర్‌లో పుట్టి పూణే సీ-డాక్ వాళ్ల ద్వారా బయటికి వచ్చింది. పీసీ లోపల స్లాట్‌లో ఆ కార్డు గుచ్చితే మామూలు డాస్ (విండోస్‌కి ముందటిది) ప్రోగ్రాముల్లోనే తెలుగు కనబడేది. అక్షరాలు గీసే పనంతా కార్డుదే. అలా చేసిన జాబితాలు చూడాలంటే ఆ కార్డు ఉన్న మిషను ఉండటమే అన్నిటికన్నా తేలిక దారి. ఎవరి అటక మీదైనా కార్డు దొరికితే దయచేసి పారేయకండి.

లాసన్స్‌బే_కిరణ్
తాళం బిళ్ల, జిస్ట్ కార్డు, ఈ రెండింటికీ నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. అయినా ఒకటి అంటాను. మిషన్ నడుస్తున్నప్పుడే డిస్కు మొత్తానికి ఇమేజ్ (ఉన్నదున్నట్టు నకలు) తీసి రెండు మూడు చోట్ల పెట్టండి. డాంగిల్ ఉన్నంత కాలమే ఆ దారి. పేజీలన్నీ పీడీఎఫ్‌గానో, అది కుదరకపోతే కాగితం మీద అచ్చు తీసి స్కాన్‌గానో ఇప్పుడే దాచేయాలి. పాపారావు గారూ, ఇమేజ్ తీయడానికి నేను వస్తాను. పాత ఐడీఈ రకం డిస్కుని యూఎస్‌బీకి కలిపే అడాప్టర్ నా దగ్గరుంది.

పూర్ణామార్కెట్_పాపారావు
రండి బాబూ. ఆదివారం ప్రెస్ ఖాళీ. టిఫిన్ మాది.

తీగలపెట్టె
ఈ థ్రెడ్‌లో మొదటిసారి కిరణ్ మాటకు లైక్ కొట్టాను 🙂

మ్యూజియం మాటకొస్తే ఇంకోటి. సియాటిల్‌లో మైక్రోసాఫ్ట్ స్థాపకుల్లో ఒకరైన పాల్ ఆలెన్ పెట్టిన లివింగ్ కంప్యూటర్స్ అనే మ్యూజియం 2012లో తెరిచారు. అక్కడ పాత మిషన్ల ముందు ఎవరైనా కూర్చుని వాడుకోవచ్చు, దాని గొప్పే అది. 2018లో ఆయన పోయారు, 2020లో తలుపులు మూశారు, 2024లో ఇక తెరవమని చెప్పి వస్తువులు వేలానికి పెట్టారు. నమ్మి మిషన్లు ఇచ్చినవాళ్లకి అది పెద్ద దెబ్బ. అందుకని వైజాగ్‌లో ఒక పెద్ద భవనం, ఒక పెద్ద దాత అని ఎదురుచూడటం నాకిష్టం లేదు. పది ఇళ్లల్లో పది మిషన్లు, ఎవరి దగ్గర ఏముందో ఒక జాబితా, నెలకోసారి ఒకచోట పెట్టి నడపడం. ఇది చాలు మొదలుకి.

గాజువాక_గుంటడు
నేను ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. ఫ్లాపీని ఇంతవరకు సేవ్ బొమ్మగానే చూశాను. నన్ను కూడా పిలవండి, బరువులు మోస్తాను.

సముద్రపుగాలి
ఫ్లాపీల గురించి ఒక మాట. మన తేమకి లోపలి పళ్లెం మీద బూజు పడుతుంది. వెలుతురులో పెట్టి తిప్పి చూడండి, మరకలు కనబడితే డ్రైవ్‌లో పెట్టొద్దు. పెడితే బూజు చదివే హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టిన మంచి ఫ్లాపీని కూడా గీరేస్తుంది. బాగున్నవాటికి గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు వాడండి. మామూలు ఫ్లాపీ డ్రైవ్‌ని యూఎస్‌బీకి కలిపి, ఫైళ్లు కాకుండా డిస్కు మీది అయస్కాంతపు మార్పుల్నే చదివి దాస్తుంది. ఒకసారి సరిగా చదవకపోయినా మళ్లీ మళ్లీ చదివి అతికించుకోవచ్చు.

సీతమ్మధార_సుజాత
కొత్త కబురు. బోర్డు కడిగి ఆరబెట్టాం. రిపేర్ గారు స్వయంగా వచ్చి తెగిన ఒక గీతకు తీగ అతికించారు. నూరు వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి ఆన్ చేశారు. ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలిగి మిషన్‌ని కాపాడుతుందట. బల్బు ఒక్క క్షణం మెరిసి ఆరింది, ఫ్యాన్ తిరిగింది, మెమరీ లెక్కపెట్టడం మొదలైంది. మా వారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు, పాత సామాన్లవాడి మాట ఎత్తడం లేదు.

కానీ హార్డ్ డిస్కు తిరుగుతున్న చప్పుడు వస్తోంది, సీ డ్రైవ్ మాత్రం లేదంటోంది.

డాబా_రిపేర్
అది మామూలే. బ్యాటరీ లేదు కాబట్టి డిస్కు వివరాలు మర్చిపోయింది. ఆ కాలం బయోస్ (ఆన్ చేయగానే ముందు నడిచే ప్రోగ్రాము) తనంతట తను కనుక్కోదు. డిస్కు మీద స్టిక్కర్ చూడండి, సిలిండర్లు, హెడ్లు, సెక్టార్లు అని మూడు అంకెలు ఉంటాయి. సెటప్‌లోకి వెళ్లి టైప్ 47 (అంకెలు మనమే ఇచ్చేది) ఎంచుకుని ఆ మూడూ కొట్టండి. సేవ్ చేసి మళ్లీ బూట్ చేయండి. కరెంటు తీస్తే మళ్లీ మర్చిపోతుంది, కాబట్టి అంకెలు కాగితం మీద రాసి క్యాబినెట్ లోపల అతికించండి.

సీతమ్మధార_సుజాత
వచ్చింది! నాన్నగారి ఫోల్డర్లన్నీ ఉన్నాయి, క్లయింట్ల పేర్లతో. డాట్ మ్యాట్రిక్స్ రిబ్బన్ ఎండిపోయింది. కొత్తది విశాఖలో ఎక్కడ దొరుకుతుంది?

ఉక్కునగరం_పెద్దాయన
కొన్ని ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్లో, గోడౌన్లలో ఇప్పటికీ కార్బన్ కాపీ బిల్లుల కోసం ఆ ప్రింటర్లే వాడుతున్నారు. వాళ్లకి రిబ్బన్లు వేసే దుకాణాన్ని అడగండి. మోడల్ నంబర్ ఇక్కడ పెట్టమ్మా, నేను కూడా వాకబు చేస్తాను.